కొండ దిగుతూ మారే భోజనం: సిబిల్లీని పల్లెల పప్పు, మాంసం, వైన్

సముద్రమట్టానికి 1,452 మీటర్ల ఎత్తున ఉన్న కాస్తెల్లూచ్చొ అనే ఊళ్ళో ద్రాక్ష పండదు, ఆలివ్ చెట్టు బతకదు. ఈ రెండూ లేని ఇటలీ ఊరిని ఊహించుకోవడం దూరాన ఉన్నవారికి కష్టమే కానీ, అపెనైన్ పర్వతశ్రేణి నడుమ ఉన్న సిబిల్లీని కొండల్లో ఇలాంటి పల్లెలు అనేకం ఉన్నాయి. కొండ ఎంత ఇస్తే అంతే అక్కడివారు తరతరాలుగా తిన్నారు. మంచు కరిగాక కొద్ది నెలల్లో చేతికొచ్చే పప్పు, చలికి ఓర్చుకునే పొట్టు గోధుమ, గొర్రెపాలు, ఉప్పులో నిలవచేసిన పందిమాంసం, ఇవే వారి భోజనం. నూనె, వైన్ కింది లోయల నుంచి పైకి రావలసిందే.

కాస్తెల్లూచ్చొ ఉన్న ఉంబ్రియా ప్రాంతపు వంటల గురించి రాసేవారు సాధారణంగా ట్రఫుల్ అనే ఖరీదైన శిలీంధ్రంతోనో, పేరున్న వైన్‌తోనో మొదలుపెడతారు. నాకు ఆ వరుస సరైనదిగా తోచదు. ఈ ప్రాంతంలో ఏ పదార్థం గురించి తెలుసుకోవాలన్నా ముందు అది ఎంత ఎత్తున పండుతుందో అడగాలి. ఎత్తు తెలిస్తే ఆ వంట ఎందుకు అలా ఉందో సగం అర్థమవుతుంది. అందుకే ఈ వ్యాసంలో కాస్తెల్లూచ్చొ దగ్గర మొదలుపెట్టి, కొండ దిగుతూ, మోంతెఫాల్కో ద్రాక్షతోటల వరకు వస్తాను.

కాస్తెల్లూచ్చొ కింద పియానో గ్రాందె అనే విశాలమైన మైదానం ఉంది. ఒకప్పటి సరస్సు ఎండిపోగా మిగిలిన నేల అది. చుట్టూ ఉన్న సున్నపురాతి కొండల నుంచి దిగివచ్చే నీరు అక్కడ నిలవకుండా ఒక బిలంలోంచి భూమి లోపలికి ఇంకిపోతుంది. 2,476 మీటర్ల వెత్తోరె శిఖరం నీడలో ఉండే ఆ మైదానంలో ఏడాదిలో చాలా భాగం మంచో, గడ్డకట్టే చలో ఉంటుంది కనుక, వసంతంలో విత్తి, జూలై చివరా ఆగస్టులోనూ కోసుకోగలిగిన పంటకే అక్కడ చోటు. ఆ పంట పప్పు. మన ఇళ్ళలో పొట్టు తీసి ఎర్రగా కనిపించే మసూరు పప్పూ, ఇదీ ఒకే జాతి మొక్క నుంచి వచ్చినవే. అయితే కాస్తెల్లూచ్చొ గింజ బాగా చిన్నది, దాని పొట్టు ఎంతో పల్చన. ఒకే గుప్పెడులో ఆకుపచ్చ, పసుపు, గోధుమ రంగు గింజలూ చారల గింజలూ కలిసి ఉంటాయి, ఎందుకంటే ఆ రైతులు ఒకే రంగు కోసం విత్తనాన్ని ఎన్నడూ ఏరివేయలేదు. పొట్టు తీయనవసరం లేదు, నానబెట్టనవసరం లేదు. ఇరవై నుంచి ముప్పై నిమిషాల్లో ఉడికి, గింజ విచ్చిపోకుండా మెత్తబడుతుంది.

ఈ పప్పు కోత ఒకప్పుడు పూర్తిగా చేతిపనే. మొక్క పొట్టిది, నేలకు దగ్గరగా కాస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన స్త్రీలు వరుసగా వంగి మొక్కలను వేళ్ళతో సహా పీకి, చిన్న చిన్న కుప్పలుగా పెట్టి ఎండనిచ్చేవారు. వారిని కార్పిరీనె అని పిలిచేవారు. ఇప్పుడు యంత్రాలు వచ్చాయి కానీ దిగుబడి మాత్రం తక్కువే, ఏటేటా వాతావరణాన్ని బట్టి మారుతూనే ఉంటుంది. 1997లో యూరోపియన్ యూనియన్ ఈ పప్పుకు ఐజీపీ అనే భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ధర ఎక్కువని వెనకాడేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే: ఆ ఎత్తున, ఆ చలిలో, అంత తక్కువ దిగుబడితో పండించిన గింజ మామూలు పప్పు ధరకు రావడం అసాధ్యం. అంత చవకగా అదే పేరుతో ఎవరైనా అమ్ముతుంటే సంచి మీద ఆ గుర్తు ఉందో లేదో చూసుకోవాలి.

మే చివరి నుంచి జూలై తొలివారాల వరకు ఈ పప్పుచేలలోనే ఎర్రటి గసగసాల జాతి పూలు, నీలిరంగు కార్న్‌ఫ్లవర్లు, పసుపు పచ్చని అడవి ఆవ పూలు ఒకేసారి విరబూస్తాయి. రైతు దృష్టిలో అవన్నీ కలుపే. కలుపుమందు చల్లని చేలు కనుకనే అవి అలా పూస్తున్నాయి. వాటిని చూడడానికి ఇటలీ నలుమూలల నుంచీ జనం వస్తారు, వచ్చినవారిలో కొందరు ఫొటో కోసం చేలలోకి దిగి మొక్కలను తొక్కుతారు. ఆ పూల కింద ఉన్నది ఒకరి ఏడాది తిండి అన్న ఎరుక ఉన్నవారెవరూ ఆ పని చేయలేరు. పూలు చూడడానికి వెళ్ళేవారు గట్టు మీద నిలబడి చూసి, తిరిగి వచ్చేటప్పుడు ఒక కిలో పప్పు కొనుక్కుని రావడం న్యాయమని నా అభిప్రాయం.

అక్కడివారు ఈ పప్పును వండే తీరు ఎంతో నిరాడంబరమైనది. ఒక వెల్లుల్లి రెబ్బ, ఒక సెలెరీ కాడ వేసి నీళ్ళలో ఉడికించి, దించాక పచ్చి ఆలివ్ నూనె పోసి, కాల్చిన రొట్టె ముక్క మీద వడ్డిస్తారు. పండగనాడు పందిమాంసపు సాసేజ్‌లు తోడవుతాయి. డిసెంబరు 31 రాత్రి ఇటలీ అంతటా పప్పు తినే ఆచారం ఉంది. గింజలు నాణేలలా గుండ్రంగా ఉంటాయి కనుక కొత్త సంవత్సరంలో డబ్బు చేరుతుందని వారి నమ్మకం. మనవారు ఎవరైనా ఈ పప్పు తెచ్చుకుంటే మొదటిసారి చింతపండు, పోపు లేకుండానే వండి చూడమని నా మనవి. దాని రుచి సన్నని రుచి, ఘాటైన పోపు పడితే అది మరుగున పడిపోతుంది.

2016 అక్టోబరు 30న 6.5 తీవ్రతతో వచ్చిన భూకంపంలో కాస్తెల్లూచ్చొ చాలా మటుకు నేలమట్టమైంది. అంతకుముందే ఊరు ఖాళీ చేయించినందువల్ల ప్రాణాలు దక్కాయి కానీ, ఇళ్ళు, కొట్టాలు, దారులు పోయాయి. అయినా 2017 వసంతంలో రైతులు ట్రాక్టర్లను వరుసగా నడిపించుకుంటూ కొండ ఎక్కి విత్తనం వేశారు. ఒక్క ఏడాది విత్తకపోతే ఏమవుతుందని అడగవచ్చు. విత్తనం ఊళ్ళోనే తయారై ఊళ్ళోనే మిగిలే పంటకు, కొని తెచ్చిన విత్తనంతో నడిచే పంటకు తేడా ఇక్కడే ఉంది. ఒక ఏడాది మానితే నష్టపోయేది ఆ ఏటి ఆదాయం మాత్రమే కాదు, మరుసటి ఏటి విత్తనం కూడా. ఇంకా ఇల్లు లేని మనుషులు ముందుగా పొలానికి వెళ్ళారన్న ఈ ఒక్క విషయం, ఆ పప్పు గురించి రాసిన వర్ణనలన్నిటికంటే ఎక్కువ చెబుతుందని నేను నమ్ముతాను.

కాస్తెల్లూచ్చొ నుంచి దాదాపు 600 మీటర్ల ఎత్తుకు దిగితే నోర్చా పట్టణం వస్తుంది. క్రైస్తవ సన్యాసులకు నియమావళి రాసిన సెయింట్ బెనెడిక్ట్ సుమారు క్రీ.శ. 480లో పుట్టిన ఊరిది. ఆయన పేరిట నడిబొడ్డున నిలిచిన బాసిలికా అనే పెద్ద చర్చి కూడా ఆ అక్టోబరు 30నే కూలి, అప్పటికి ముఖద్వారపు గోడ మాత్రం మిగిలింది. అయితే ఇటలీలో సామాన్యులకు ఈ ఊరి పేరు తెలిసింది ఆ మహనీయుని వల్ల కంటే పందిమాంసం వల్ల. పందిని కోసి, మాంసాన్ని ఉప్పువేసి నిలవచేసే నేర్పరిని మధ్య ఇటలీలో నోర్చీనో అంటారు, అతని దుకాణాన్ని నోర్చినెరియా అంటారు. ఒక ఊరి పేరు ఒక వృత్తి పేరుగా మారేంతగా వారి చేతిపని పేరుపొందింది. చలికాలంలో కొండ మీద పని ఉండదు. పందిని కోయవలసింది కూడా చలికాలంలోనే. అందువల్ల నోర్చా పురుషులు శరత్తులో బయలుదేరి రోమ్, టస్కనీ వైపు వెళ్ళి ఇంటింటికీ తిరిగి ఈ పని చేసి, వసంతంలో తిరిగి వచ్చేవారు. రోమ్‌లోని అర్జెంతీనా కూడలి దగ్గర సెయింట్ బెనెడిక్ట్, ఆయన సోదరి స్కొలాస్తికా పేరిట వారు కట్టుకున్న చిన్న చర్చి నేటికీ ఉంది.

ఈ కత్తి నైపుణ్యం వంటింటితో ఆగిపోలేదు. నోర్చాకు దగ్గరలోని ప్రేచి అనే పల్లె కొన్ని శతాబ్దాల పాటు శస్త్రవైద్యులకు పేరుపొందింది. కంటిపొర తీయడంలో, మూత్రాశయంలోని రాళ్ళు తీయడంలో ప్రేచి వైద్యులు సిద్ధహస్తులు. 1215లో జరిగిన నాలుగవ లాటెరన్ మహాసభ మతాధికారులు శస్త్రచికిత్స చేయరాదని నిషేధించాక, దగ్గరి సాంత్ ఎవుతీత్సియో మఠంలోని సన్యాసుల వైద్యజ్ఞానం ఊరివారి చేతుల్లోకి వచ్చిందనీ, పందులను కోసి అలవాటుపడిన ఆ చేతులు దాన్ని సులువుగా అందుకున్నాయనీ చెబుతారు.

నోర్చా ప్రొషూత్తో, అంటే ఉప్పువేసి ఆరబెట్టిన పంది తొడ, 500 మీటర్లకు పైన ఉన్న పల్లెల్లోనే తయారు కావాలన్నది నియమం. దీనికి కూడా 1997లోనే ఐజీపీ గుర్తింపు వచ్చింది. తొడను ఉప్పులో ఉంచి, కడిగి, మాంసం బయటపడిన భాగానికి పందికొవ్వు, పిండి కలిపిన ముద్ద పూసి, కనీసం పన్నెండు నెలలు కొండగాలికి వేలాడదీస్తారు. ఉత్తర ఇటలీలోని పార్మా ప్రొషూత్తో కంటే ఇది గట్టిగా, ఉప్పగా ఉంటుంది. ఉప్పు ఎక్కువైందని మొదటిసారి తిన్నవారు అనుకుంటారు. దానికి తోడుగా తినే ఉంబ్రియా రొట్టెలో ఉప్పే వేయరన్న సంగతి తెలిస్తే లెక్క సరిపోతుంది. ఉప్పులేని రొట్టె ఎలా వచ్చిందన్న దానికి ఉంబ్రియా రాజధాని పెరూజియావారు ఒక కథ చెబుతారు: 1540లో పోప్ మూడవ పాల్ ఉప్పు మీద పన్ను పెంచినప్పుడు నగరం తిరగబడి ఓడిపోయిందనీ, ఆ కోపంతో రొట్టెలో ఉప్పు మానేశారనీ. తిరుగుబాటు నిజం, ఓడినవారిని అదుపులో ఉంచడానికి పోప్ కట్టించిన రొక్కా పవోలీనా కోట గదుల్లో ఇప్పుడు కూడా నడిచి రావచ్చు. రొట్టెకథను మాత్రం చరిత్రకారులు పూర్తిగా ఒప్పుకోరు.

నల్ల ట్రఫుల్ గురించి ఎంతో మంది ఎంతో రాశారు కనుక క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. ఓక్, హేజెల్ చెట్ల వేళ్ళను ఆశ్రయించి నేలలో పెరిగే ఈ శిలీంధ్రం చలికాలంలో, డిసెంబరు నుంచి మార్చి మధ్య వరకు దొరుకుతుంది. 1985 నాటి ఇటలీ చట్టం ప్రకారం దాన్ని కుక్క సాయంతోనే వెతకాలి. నోర్చాలో దాన్ని వెల్లుల్లి, ఆలివ్ నూనెలతో నూరి, గుడ్డు కలపకుండా పిండి, నీళ్ళతోనే చేసిన స్త్రాంగోత్సి అనే పాస్తాకు పట్టిస్తారు. ఇది చాలా మంచి వంట. అయినా ఒక పదార్థపు ఖరీదే దాని ఘనతగా చలామణి అయ్యేచోట, దాని పక్కనే ఉన్న రొవేయా వంటి గింజను ఎవరూ పట్టించుకోరన్నది నా బాధ. రొవేయా ముదురు రంగులో ఉండే ఒక పొలం బఠాణీ. కాషా ప్రాంతపు చివితా పల్లెలో దాదాపు మరుగున పడిపోయిన ఈ పంటను అక్కడి రైతులు మళ్ళీ నిలబెట్టారు. దాని పిండిని నీళ్ళలో ఉడికించి, ఆంకోవీ చేప, వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసుకుని తినే సంకటిని ఫరెక్కియాతా అంటారు. ఆ కొండల్లో నేను తిన్నవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

నోర్చాకు నైరుతిన 978 మీటర్ల ఎత్తున మోంతెలెయోనె ది స్పొలేతో అనే పల్లె ఉంది. 1902లో ఒక రైతు పొలంలో దొరికిన క్రీ.పూ. ఆరవ శతాబ్దపు కంచు రథం వల్ల పురావస్తు ప్రియులకు ఈ ఊరు తెలుసు. ఆ రథం ఇప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఊళ్ళో మిగిలినది ఫార్రో అనే పొట్టు గోధుమ, మహారాష్ట్ర, కర్ణాటకల్లో ఖప్లీ అనే పేరుతో పండించే జాతే. దంచితే తప్ప పొట్టు ఊడదు, దిగుబడి తక్కువ. కానీ బీద నేలలో, చలిలో పండుతుంది. 2010లో దీనికి డీఓపీ అనే మరో యూరోపియన్ భౌగోళిక గుర్తింపు దక్కింది. ప్రతి డిసెంబరు 5న, సెయింట్ నికొలస్ పండుగకు ముందురోజు, ఫార్రోతో వండిన వంటకాన్ని చర్చిలో ఊరివారికి పంచిపెడతారు. బీదలకు అన్నం పెట్టిన ఆ సాధువు పేరిట వచ్చిన ఆచారమిది. ఇళ్ళలో మామూలుగా ఫార్రోను రవ్వగా పగలగొట్టి, మాంసం అయిపోయిన ప్రొషూత్తో ఎముక వేసి చారుగా కాస్తారు. పంది తొడ పూర్తయ్యాక ఎముక కూడా వంటకు పనికిరావడం ఆ లోగిళ్ళలో పొదుపు ఎంత సహజమో చూపుతుంది.

దక్షిణాన, కొండల అవతలి వైపు, అమాత్రీచె ఉంది. ఈ ఊరి గొర్రెల కాపరులు చలికాలంలో మందలను రోమ్ చుట్టూ ఉన్న మైదానాలకు తోలుకుపోయేవారు. ఇలా రుతువును బట్టి మందలతో కొండకూ మైదానానికీ తిరిగే పద్ధతిని 2019లో యునెస్కో సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. చెడిపోకుండా నెలల తరబడి ఉండే గ్వాంచాలె, అంటే ఉప్పువేసి ఆరబెట్టిన పంది చెంప మాంసం, పెకొరీనో అనే గొర్రెపాల చీజ్, ఎండు పాస్తా, మిరియాలు: కాపరి సంచిలో ఉండగలిగిన ఈ వస్తువులతోనే గ్రీచా అనే పాస్తా పుట్టింది. తర్వాత టమాటా చేరి అమాత్రిచానా అయింది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన టమాటా ఇటలీ పాస్తాలోకి చేరింది 18వ శతాబ్దం చివరే కనుక, ఈ వంటకం మనం అనుకునేంత పాతది కాదు. అమాత్రీచె 1927 వరకు అబ్రూత్సో ప్రాంతపు పరిధిలో ఉండేది, ఆ ఏడాదే రోమ్ ఉన్న లాత్సియో ప్రాంతంలోని రియేతి జిల్లాలో కలిసింది. రోమ్ నగరం ఈ పాస్తాను తనదిగా చెప్పుకున్నా, కాపరుల బాట చూస్తే అది కొండ నుంచి రోమ్‌కు దిగిందని తెలుస్తుంది.

2016 ఆగస్టు 24 తెల్లవారుజామున అమాత్రీచెను నేలకూల్చిన భూకంపంలో ఆ ప్రాంతమంతటా దాదాపు 300 మంది చనిపోయారు. మరి కొద్ది రోజుల్లో ఊళ్ళో యాభయ్యవ అమాత్రిచానా పండుగ జరగవలసి ఉంది. తర్వాత ఇటలీలోనూ, బయటా ఎన్నో భోజనశాలలు ఆ పాస్తా అమ్మిన ప్రతి పళ్ళేనికి రెండు యూరోల చొప్పున సహాయనిధికి పంపాయి. 2020లో ఆ వంటకానికి సంప్రదాయ వంటకంగా యూరోపియన్ యూనియన్ రక్షణ లభించింది. వంటకానికి రక్షణ దొరికినంత సులువుగా ఊరికి ఇళ్ళు దొరకలేదన్నది మరచిపోరాదు.

ఇక ద్రాక్ష పండే ఎత్తుకు దిగుదాం. మోంతెఫాల్కో సుమారు 470 మీటర్ల గుట్ట మీద, ప్రాకారం మధ్య ఉన్న ఊరు. దాని గోడ మీద నిలబడితే స్పొలేతో నుంచి అస్సీసి వరకు లోయ అంతా కనిపిస్తుంది. ఈ ఊరి ద్రాక్ష సాగ్రంతీనో. ప్రపంచంలో పండే ఎర్ర ద్రాక్షలన్నిటిలోనూ అత్యంత వగరైనవాటిలో ఇదొకటి. నేరేడు పండు తిన్నాక నాలుక మీద మిగిలే వగరు మనకు పరిచయమే. సాగ్రంతీనోలో అది చిగుళ్ళనూ, దవడ లోపలి భాగాన్నీ కూడా పట్టుకుని చాలాసేపు వదలదు. ద్రాక్ష తొక్క మందంగా ఉండడం, గింజల్లో వగరు పదార్థం అధికంగా ఉండడం దీనికి కారణాలు.

ఇంత వగరైన ద్రాక్షను పాతకాలంవారు తియ్యని వైన్‌గా మార్చి తాగారు. కోసిన గుత్తులను తడకల మీద కనీసం రెండు నెలలు ఆరబెట్టి, కిస్‌మిస్ అయ్యే దశలో పిండి పులియబెడితే, చక్కెరంతా ఆల్కహాల్‌గా మారక ముందే పులవడం ఆగిపోతుంది. మిగిలిన తీపి వగరును తూకంలో పెడుతుంది. పస్సీతో అనే ఈ తియ్యని ఎర్ర వైన్‌ను పండుగలకు దాచుకుని, ముఖ్యంగా ఈస్టర్ నాడు కాల్చిన గొర్రెపిల్ల మాంసంతో తాగేవారు. మాంసంతో తియ్యని వైన్ ఏమిటని అనుమానించేవారు ఒక్కసారి రుచి చూడాలి. పస్సీతోలోని తీపి ఉత్త తీపి కాదు, దాని వెనుక ఉన్న వగరు కొవ్వును కోసివేస్తుంది.

తీపి లేని సాగ్రంతీనో మనం అనుకునేంత ప్రాచీనమైనది కాదు, ప్రధానంగా 1970ల నుంచి నిలదొక్కుకున్నది. అంతకుముందు ఈ ద్రాక్ష ఊరి మఠాల తోటల్లో, ఇళ్ళ పెరళ్ళలో కొన్ని తీగలుగా మాత్రమే మిగిలి, దాదాపు అంతరించే స్థితికి వచ్చింది. 1979లో డీఓసీ అనే ఇటలీ వైన్ల భౌగోళిక గుర్తింపు, 1992లో అత్యున్నతమైన డీఓసీజీ హోదా రావడంతో తోటలు మళ్ళీ పెరిగాయి. అర్నాల్దో కప్రాయ్ సంస్థ మిలాన్ విశ్వవిద్యాలయంతో కలిసి ఈ ద్రాక్ష రకాలపై చేసిన పరిశోధన ఇందులో పెద్ద పాత్ర వహించింది. నియమం ప్రకారం ఈ వైన్ మూడేళ్ళకు పైగా మాగాలి, అందులో కనీసం ఒక ఏడాది చెక్క పీపాల్లో ఉండాలి. అది చట్టం అడిగేది. నన్ను అడిగితే మంచి ఏడాది సాగ్రంతీనోను పదేళ్ళు ముట్టుకోరాదు. తొందరపడి తెరిస్తే వగరు తప్ప మరేమీ తెలియదు, ఓపిక పడితే ఎండిన చెర్రీ, తోలు, పొగాకు వాసనలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. అంతకాలం ఆగలేనివారి కోసమే ఊరివారు రోజువారీగా తాగే మోంతెఫాల్కో రోస్సో ఉంది. అందులో ఎక్కువ భాగం సాంజొవేసె ద్రాక్ష, కొద్ది భాగమే సాగ్రంతీనో. అదీ చిన్న వైన్ కాదు.

సాగ్రంతీనోకు తగిన భోజనం కూడా ఈ చుట్టుపక్కలే దొరుకుతుంది: నెమ్మదిగా ఉడికించిన అడవిపంది మాంసం, ఏడాది దాటిన పెకొరీనో, పక్కనే ఉన్న త్రేవి ఊరి నల్ల సెలెరీ కాడల్లో సాసేజ్ మాంసం కూరి చేసే వంటకం. త్రేవి చుట్టూ కొండవాలుల్లో మొరాయోలో రకం ఆలివ్ తోటలు కొన్ని కిలోమీటర్ల పొడవునా ఉంటాయి. ఆ నూనె ఘాటుగా, కాస్త చేదుగా ఉంటుంది. కాస్తెల్లూచ్చొ పప్పు మీద పోసుకోవడానికి దానికి మించినది లేదు.

లోయ అడుగున ఇంకొక ద్రాక్ష ఉంది, దాని పేరు త్రెబ్బియానో స్పొలెతీనో. ఈ తెల్ల ద్రాక్ష తీగలను పూర్వం పందిరి మీద కాకుండా బతికున్న మేపుల్ చెట్ల మీదికి పాకించేవారు. చెట్ల వరుసల మధ్య గోధుమ విత్తేవారు, చెట్టు ఆకులను పశువులకు వేసేవారు, పైన ద్రాక్ష కాసేది. పంటను భూస్వామితో పంచుకునే మెద్జాద్రియా అనే కౌలు పద్ధతిలో, చేతిలో ఉన్న కాస్త నేల నుంచి ప్రతిదీ రాబట్టవలసిన రైతుకు ఈ అమరిక అవసరమైంది. 1964లో చట్టం కొత్త మెద్జాద్రియా ఒప్పందాలను నిషేధించింది, కుటుంబాలు పట్నాలకు వెళ్ళాయి, ట్రాక్టర్లకు అడ్డమని చెట్లను కొట్టేశారు. అయినా స్పొలేతో, త్రేవి, మోంతెఫాల్కోల మధ్య దారుల పక్కన చెట్టెక్కిన పాత తీగలు అక్కడక్కడా మిగిలాయి, నిచ్చెన వేసుకుని కోస్తే తప్ప ఆ గుత్తులు అందవు. 2011లో స్పొలేతో డీఓసీ ఏర్పడ్డాక ఈ వైన్‌ను శ్రద్ధగా చేసేవారు పెరిగారు, ఆ పాత తీగల పండ్లను విడిగా పులియబెట్టి సీసాల్లో నింపేవారు కూడా ఉన్నారు. పులుపు బాగా ఉండి, కొన్నేళ్ళు నిలవ ఉండగలిగే వైన్ ఇది. రాతి పెనం మీద కాల్చిన తోర్తా అల్ తేస్తో రొట్టెలో సాసేజ్, ఆకుకూర పెట్టుకుని తినేటప్పుడు నేను సాగ్రంతీనో కంటే దీన్నే కోరుకుంటాను.